దొరువులో పూడిక ఎవరు తీశారు?

మోటార్లు చుట్టడం నా పని. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే నా దగ్గరికి తెస్తారు. పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి ఆరబెడతాను. వార్నిష్ ఆరడానికి ఒక పూట పడుతుంది. తొందరపడి కరెంటు ఇస్తే మళ్లీ కాలిపోతుంది. ఆ ఖాళీ పూటలన్నీ మా మండలంలోని శాఖా గ్రంథాలయంలో గడిపాను. పదో తరగతి తప్పినవాడిని. ఎంతవరకు చదివావని ఎవరైనా అడిగితే మాత్రం "మూడో బీరువా దాకా" అంటాను. గొప్పకు అనను, నిజంగానే మూడో బీరువా సగంలో ఉన్నాను.

ఆ మూడో బీరువాలో దొరికింది ఒక లావు పుస్తకం. అట్ట లేదు, పేరున్న పేజీ కూడా ఎవరో చింపుకుపోయారు. ఉష్ణమండలపు అడవుల్లో పెద్ద పెద్ద జంతువులు ఎలా కలిసి బతుకుతాయో చెప్పే పుస్తకం. ఏనుగు, అడవిదున్న, కణితి, దుప్పి ఇన్ని ఒకే అడవిలో ఉంటే ఒకదాని నోటి దగ్గరిది ఇంకొకటి లాక్కోదా అని నాకెప్పుడూ సందేహం. లాక్కోదట. పెద్ద పొట్ట ఉన్నది ముతక గడ్డి తిని, దాన్ని రోజుల తరబడి అరిగించుకుని నెట్టుకొస్తుంది. చిన్న పొట్ట ఉన్నది లేత చిగురు ఏరుకుంటే గానీ బతకదు. పెద్దవి ముదురు గడ్డి మేసి తొక్కి పోతే, కింది నుంచి వచ్చే లేతది చిన్నవాటికి. వాటి కడుపులో పడి బయటికొచ్చిన గింజలే మళ్లీ చెట్లు. ఇదంతా చదివినప్పుడు, నేను చుట్టే తీగలాగే అడవిలో కూడా ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఉందనిపించింది.

చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఇంట్లో ఉండేది మా అమ్మ, నేను. కాబట్టి అమ్మకే చెబుతాను. ఆ రోజు మధ్యాహ్నం పులుసు పోసుకుంటూ మొదలుపెట్టాను.

"అమ్మా, అడవిలో జంతువులు వరసలో తింటాయంట. ముందు పెద్దవి, ఆ వెనక చిన్నవి."

"మన మళ్లల్లో మాత్రం? కోత కోసినాక ముందు గొడ్లు పడతాయి, ఆ వెనక గొర్రెలు, ఆఖరికి బాతులోళ్లు బాతుల్ని దింపుతారు. ఇది చెప్పేదానికి అంత లావు పుస్తకం ఎందుకురా?"

నేను కాస్త చిన్నబుచ్చుకున్నాను, కానీ ఆమె చెప్పింది పుస్తకం కంటే బాగుంది. నా కంచంలో అన్నం వేస్తూ అమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"అబ్బయా, అడివిలో మనుషులే లేకపోతే దొరువు పూడిపోతాదా?"

దొరువు అంటే మా ఇసుక నేలల్లో తవ్వుకునే మంచినీళ్ల గుంట. బావిలా లోతుగా ఉండదు. ఏటవాలుగా తవ్వుతారు. బిందె చంకన పెట్టుకుని నడిచి దిగిపోవచ్చు, గొడ్లు కూడా దిగి తాగొచ్చు. చుట్టూ ఉప్పు నీళ్లున్నా అందులో తీపి నీళ్లే ఊరుతాయి. కానీ గాలికి ఇసుక జారుతూనే ఉంటుంది. ఏటా ఎండలు ముదరకముందే గంపలతో పూడిక ఎత్తిపోయాలి.

చదువుకున్నవాడిని అడిగింది కదా అని నేను ఆలోచించకుండా చెప్పేశాను. "పూడకుండా ఎట్టా ఉంటాదమ్మా! మనిషి చెయ్యి పడకపోతే ఒక్క ఎండాకాలంలో చదును అయిపోద్ది."

అమ్మ గరిట గిన్నెలో పెట్టేసింది. తన కంచం జరిపేసింది. "కడుపులో బాగలేదు, నువ్వు తిను" అంది.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె అడిగినదానికి జవాబు చెప్పిందే తప్ప, తనంతట తాను మాట్లాడలేదు. ఏదో తప్పు చేశానని తెలుసు, ఏం చేశానో తెలియలేదు. మూడో రోజు పొద్దున వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ తనే చెప్పింది. నా వైపు చూడలేదు, చింతపండు వైపే చూస్తూ చెప్పింది.

మా అమ్మ పుట్టింది మా ఊరి ముందున్న ఉప్పునీటి సరస్సుకు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న దీవిలో. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకు పదకొండేళ్లప్పుడు ప్రభుత్వం దీవిని తీసుకుంది, అక్కడి ఊళ్లను ఖాళీ చేయించి ఇవతలి ఒడ్డున స్థలాలిచ్చింది. ఇప్పుడక్కడికి అనుమతి లేనిదే ఎవరూ పోలేరు. ఇంతవరకు ఊళ్లో అందరికీ తెలిసిన కథే. తెలియనిది ఎర్రావు కథ.

"సామాన్లు పడవలో ఏసినారు. గొడ్లని పడవ ఎనక కట్టి ఈదించినారు. మాకు ముందురోజు ఎదురింటోళ్ల చూడి ఆవు నడీ నీళ్లల్లో బురదలో దిగబడి సచ్చిపోయింది. ఒడ్డున నిలబడి చూసినా నేను. మా ఎర్రావు కూడా నిండు చూలుతో ఉండింది. మర్నాడు మా వంతు."

"ఏం చేసినావు?"

"మేపుకొస్తానని చెప్పి అడివి దొరువు కాడికి తోలుకోని పోయినా. నీళ్లు తాపించి, మెడలో పలుపు ఇప్పేసినా. పో అన్నా. పోలా. నా ఎనకే వచ్చింది. మళ్లా తోలినా, మళ్లా వచ్చింది. మూడోసారి మట్టిబెడ్డ తీసి ఏసినా, నాయనా. మొకాన తగిలింది. అప్పుడు నిలబడిపోయింది."

అమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఆవును అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా, పలుపు మాత్రం ఇవ్వరు. పలుపు ఇంట్లో ఉంటే పాడి ఇంట్లో ఉన్నట్టేనని నమ్మకం. పదకొండేళ్ల పిల్ల పాడి పోతుందనే భయంతో పలుపును చుట్ట చుట్టి భుజాన వేసుకుని వచ్చింది. ఆవు తెంచుకుని పారిపోయిందని వాళ్ల నాయనకు అబద్ధం చెప్పింది. ఆయన పలుపు తీసుకుని చూశాడట. ఎక్కడా తెగలేదు. ముడి శుభ్రంగా విప్పి ఉంది. పడవలో సామాన్ల మీద దాన్ని పెట్టి, కూతుర్ని చెయ్యి పట్టి ఎక్కించాడు. బతికినన్నాళ్లు దాని గురించి అడగలేదు.

"నీళ్లల్లో మునిగి సస్తాదని ఇప్పేసినా" అంది అమ్మ. "వచ్చిన రెండు నెలలకి రోహిణి కార్తె. అప్పుడు తట్టింది నాకు. అందరం వచ్చేసినామే, దొరువులో పూడిక ఎవురు తీస్తారు? నీళ్లల్లో కాకుండా నీళ్లు లేక సచ్చిపోయుంటాది. కడుపులో దూడతో. అంతకంటే పాపం ఉండాదా?"

యాభై ఏళ్లకు పైగా ప్రతి రోహిణి కార్తెకూ మా అమ్మ అన్నం సరిగ్గా తినదు. ఎండకని అనుకునేవాణ్ణి. నా ఎదుట కూర్చుని నీళ్లు తాగేటప్పుడు ఒక్కోసారి సగంలో ఆగి చెంబు దించేసేది. ఆ అలవాటు ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

నేను చెప్పిన ఆ ఒక్క మాటకు నన్ను నేను తిట్టుకున్నాను. వెంటనే గ్రంథాలయానికి పోయి ఆ లావు పుస్తకం మళ్లీ తీశాను. నీళ్లు అన్న మాట ఎక్కడ కనిపించినా చదివాను. ఏనుగుల దగ్గర దొరికింది. ఎండిన ఏటి ఇసుకను ఏనుగులు కాళ్లతో, తొండంతో తవ్వి నీళ్లు తీస్తాయట, అవి తాగి పోయాక మిగతా జంతువులు తాగుతాయట. పరిగెత్తినట్టే ఇంటికొచ్చి చెప్పాను.

"అమ్మా, మనుషులు లేకపోయినా అడవిలో ఏనుగులు దొరువులు తవ్వుతాయంట!"

అమ్మ నా వైపు తిరిగింది. "మన దీవిలో ఏనుగులు యాడుండాయిరా?"

నిజమే. లేవు. అమ్మ పెదవుల మీద కొంచెం నవ్వు వచ్చింది, అంతే. అది నన్ను ఓదార్చడానికి నవ్విన నవ్వు.

ఫిబ్రవరిలో ఒకమ్మాయి గ్రంథాలయానికి వచ్చింది. తలకు టోపీ, కాళ్లకు బరువైన బూట్లు. ఎక్కడో విశ్వవిద్యాలయంలో అడవి జంతువుల మీద పరిశోధన చేస్తోందట. దీవిలోకి పోవడానికి అనుమతి తెచ్చుకుంది. అక్కడ ఇదివరకు బతికిన పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అని గ్రంథపాలకుణ్ణి అడిగింది. ఆయన నా వైపు వేలు చూపించి, "మా మూడో బీరువాయన్ని అడగండమ్మా, ఆయనకు జంతువులన్నీ చుట్టాలే" అన్నాడు.

నేను ఊరుకుంటానా! పొట్టల సైజు నుంచి మొదలుపెట్టి గింజల దాకా నా చదువంతా ఆమె ముందు పరిచాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"బాగా చదివారు సార్. ఆ దీవిలో పెద్దపులి, చిరుతపులి లేవు. దుప్పులు, అడవిపందులు, నక్కలు ఉన్నాయి. ఇవి కాక, ఖాళీ చేసినప్పుడు వదిలేసిన గొడ్లు అడవి గొడ్లయిపోయి మందలుగా తిరుగుతున్నాయి. ఇవన్నీ మేత, నీళ్లు ఎలా పంచుకుంటున్నాయో చూడటమే నా పని."

నేను ముందుకు వంగాను. "గొడ్లు ఉన్నాయా?"

"ఉన్నాయండి. కానీ ఎండాకాలంలో ఎక్కడ తాగుతున్నాయో తెలియడం లేదు. పాత దొరువులు ఎక్కడున్నాయో చెప్పేవాళ్లు కావాలి."

నేను ఆమెను బండి మీద ఇంటికి తీసుకొచ్చాను. ఆమె వాకిట్లో బూట్లు విప్పేలోపే లోపలికి పోయి అమ్మ చెవిలో ఊదాను. గొడ్లు బతికే ఉన్నాయని. అమ్మ కళ్లు ఒక్కసారి మెరిసి, మళ్లీ జాగ్రత్త పడ్డాయి. "ఆ గొడ్లు మనదాని పిల్లలే కావాల్నా? ఇంకా శానామంది వదిలిపెట్టినారు. వాటికి యాడో ఉప్పు లేని నీళ్లు దొరికుంటాయి. మనది ఆ దొరువునే నమ్ముకోనింది" అని, "ఎర్రావు మాట ఆ పిల్లకి చెప్పబాక" అని గొణిగింది.

ఆ అమ్మాయి పటం తీసి నేల మీద పరిచింది. అమ్మ దాని వైపు చూడనైనా లేదు. కళ్లు మూసుకుంది.

"రేవులో దిగి తూరుపుగా పోతే జంట పాలచెట్లు ఉంటాయి. పాలచెట్టు తొందరగా సావదు, ఉంటాయిలే. ఆడ నిలబడి ఉత్తరంగా తిరుగు. సముద్రం మోత కుడిచెవిలో పడాల. ఎడంచెవిలో పడిందంటే దారి తప్పినట్టే. అట్టా పోతా ఉంటే కాళ్ల కింద ఇసక తెల్లగా ఉండేది కాస్తా బూడిదరంగుకి తిరుగుతాది. అదే దొరువు."

"ఎన్ని అడుగులు పెద్దమ్మా?"

"పదకొండేండ్ల పిల్ల అడుగులతో చెప్పేదా, నీ బూట్లతో చెప్పేదా?"

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. అన్నీ రాసుకుంది. వెళ్లేముందు అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ గొడ్లని పట్టుకోని పోతారా, తల్లీ?"

"అది నా చేతిలో లేదు పెద్దమ్మా. వాటివల్ల దుప్పులకు మేత తగ్గుతోందని కొందరంటారు. అవును కాదు అని చెప్పాలంటే ముందు చూడాలి కదా. నేను చూడ్డానికే వెళ్తున్నా."

"దొరువు దొరికితే, రోహిణిలో దాంట్లో నీళ్లు ఉండాయో లేవో చూడు. అదొక్కటి చెప్పు నాకు."

వారం తర్వాత ఫోన్ వచ్చింది. పాలచెట్లు ఉన్నాయి, దొరువూ దొరికింది. పక్కన చెట్టుకు కెమెరా కట్టానని, ఎదురుగా ఏ జంతువు కదిలినా దానంతట అదే ఫోటో తీస్తుందని చెప్పింది. "ఇప్పుడైతే నీళ్లున్నాయి సార్. ఎండాకాలం సంగతి చూడాలి" అంది.

ఆ ఎండాకాలం నేను ఎన్నడూ ఎరగనంత పొడుగ్గా గడిచింది. మే నెలలో మా వీధి చేతిపంపు కూడా నీళ్లు రాక బుస కొట్టింది. అమ్మ పంపు చప్పుడు విని లోపలికి వెళ్లిపోయేది. పది మెతుకులు కూడా తినడం లేదు. ఒక మధ్యాహ్నం నేనింక ఆగలేకపోయాను. షాపు వెనక్కి పోయి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"మేడమ్, ఒకవేళ నీళ్లు లేకపోయినా, ఉన్నాయనే చెప్పండి. మా అమ్మకు అది చాలా ముఖ్యం."

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నమ్మేవాణ్ణి, లేనిది ఉన్నట్టు చెప్పమని అడుగుతున్నాను. సిగ్గేసింది.

"ముందు నన్ను చూడనివ్వండి సార్" అంది ఆ అమ్మాయి మెల్లగా.

జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక ఆమె వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టి, అమ్మ పక్కన నులకమంచం మీద కూర్చుంది. నేను ఆమె మొహంలో ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. ఏమీ తెలియలేదు. అమ్మ కళ్లజోడు తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసి తుడిచింది.

మొదటి ఫోటోలో దుప్పులు. పొద్దున పూట, మెడలు ఎత్తి, చెవులు నిక్కించి. తర్వాత ఒక నక్క ఒంటరిగా. తర్వాత ఎండ నెత్తిన ఉన్నప్పుడు గొడ్లు. ఎర్రవి, తెల్లవి, కొమ్ములు ఇష్టం వచ్చినట్టు పెరిగినవి. ఒక్కొక్కటిగా ఏటవాలు దిగి వస్తున్నాయి. మా ఊళ్లో గొడ్లు దిగినట్టే. సాయంత్రానికి పందులు. పుస్తకంలో చదివిన వరస నా కళ్ల ముందు నడుస్తోంది, కానీ నాకు దాని మీద ధ్యాస లేదు. అమ్మకూ లేదు.

"ఇది ఏ నెలలో?" అంది అమ్మ, ఒక ఫోటో దగ్గర ఆపి.

"మే ఆఖరులో పెద్దమ్మా."

"రోహిణి" అంది అమ్మ.

చేటంత నీళ్లు. బురదరంగువే, కానీ నీళ్లు. ఒక ఆవు మూతి ముంచి తాగుతోంది. దాని పొట్ట కింద దూడ నిలబడి ఉంది.

అమ్మ కళ్లజోడు సర్దుకుని ఫోటోకు దగ్గరగా వంగింది. నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె నాకు మాత్రం తెలిసేటట్టు తల ఊపింది. నా కోసం చెప్పిన మాట కాదది, నిజంగానే ఉన్న నీళ్లు.

"పూడిక ఎవురు తీసినారు?" అంది అమ్మ.

"అదే నాకూ ఆశ్చర్యం వేసింది. ఇది చూడండి." ఆ అమ్మాయి వరసగా ఫోటోలు జరిపింది. పంది ఒకటి దొరువులో దిగింది. ముట్టెతో ఇసుక తవ్వింది. పడి దొర్లింది. ఒళ్లంతా అడుసుతో లేచి పోయింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక పిల్లలు. "దూరంగా ఈతచెట్ల మొదళ్లకు ఈ బురద పూసి ఉంది పెద్దమ్మా. పందులు ఒళ్లు రుద్దుకున్న గుర్తు. రోజూ ఒంటికి అంటించుకుని బయటికి మోసుకుపోతున్నాయి. గొడ్లు దిగి దిగి ఆ దారి గట్టిపడింది, ఇసుక జారడం తగ్గింది. ఇదంతా నేను అనుకునేది, ఇంకా చాలా చూడాలి."

"పందులా!" అంది అమ్మ. "మా శనక్కాయ చేనంతా తిరగేసినాయని మా నాయన ఉచ్చులు పెట్టేటోడే! ఆ పందులా పూడిక తీసేది?"

నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కొంగు కళ్లకు పెట్టుకుంది. ఎంతసేపటికీ కొంగు తీయలేదు. నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను. చెంబెత్తి మొత్తం తాగింది.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మర్నాడు పోయి చూస్తే, ఆ లావు పుస్తకంలో పందుల మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది. పందులు పొర్లిన గుంటలు ఎలా లోతవుతాయో, వాటిలో నీళ్లు ఎలా నిలుస్తాయో అందులో ఉంది. పందుల గురించి చదివేదేముందిలే అని నేనే దాన్ని దాటేసి ఏనుగుల దగ్గరికి పోయాను.

ఆ రోజు కొంగు తీశాక అమ్మ ఆ అమ్మాయికి ఎర్రావు కథ తనే చెప్పింది. మట్టిబెడ్డతో సహా. చెప్పి, "అది దాహంతో పోలేదు గదమ్మా?" అని అడిగింది.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పొచ్చు. ఎవరూ పట్టుకోలేరు. నేనైతే చెప్పేవాణ్ణి.

"ఆ ఆవు ఏమైందో నేను చెప్పలేను పెద్దమ్మా. నక్కలు దూడని పట్టాయో, రోగమొచ్చిందో, ముసలిదై పోయిందో తెలియదు. మీరు వదిలిన దొరువులో పందులు అప్పుడూ దొర్లే ఉంటాయి, ఇప్పుడైతే దొర్లుతున్నాయి. రోహిణిలో అక్కడ నీళ్లున్నాయి. అంతవరకు నేను కళ్లారా చూశాను."

"అది చాలమ్మా" అంది అమ్మ. "అంతకంటే నేను అడగలా."

ఒక ఫోటో అచ్చు వేయించి పంపుతానని, ఏది కావాలో చెప్పమని ఆ అమ్మాయి అడిగింది. ఆవూ దూడా ఉన్నదే అడుగుతుందనుకున్నాను. అమ్మ వెనక్కి జరిపించి, జరిపించి, గాలికి ఆకు కదిలినందుకు కెమెరా తీసిన ఒక ఉత్త ఫోటో దగ్గర ఆపింది. అందులో ఏ జంతువూ లేదు.

"ఇందులో ఏముందమ్మా?" అన్నాను.

"నీళ్లుండాయి గదరా. గొడ్లుంటే అడ్డమొస్తాయి."

ఆ ఫోటో ఇప్పుడు మా ఇంట్లో గడియారం కింద ఉంది. మోటార్ల కోసం ఇంటికి వచ్చినవాళ్లు చూసి, "ఏందన్నా, బురదగుంట ఫోటో పెట్టుకోనుండారు?" అంటారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ లోపలి నుంచి వస్తుంది. "కూర్చో నాయనా, చెప్తా" అంటుంది. "నాకప్పుడు పదకొండేండ్లు. మా ఎర్రావుని నేనే ఇప్పి వదిలేసినా..."